పెద్దక్క చెప్పిన దారి

ఏడేళ్ళుగా నాకు ఆదివారం లేదు. పండగ లేదు, జ్వరం వస్తే పడుకునే వీలు లేదు. మా అన్న పోయినప్పుడు మట్టి ఇచ్చి, బోరింగు దగ్గర తల మీద నీళ్ళు పోసుకుని, తడి చీరతోనే బస్సెక్కి యూనివర్సిటీకి వచ్చేశాను. ఎందుకంటే తెల్లారి ఆరింటికల్లా రెండు వందల నలభై పెట్టెల్లోని తేనెటీగలు నా మాట కోసం ఎదురుచూస్తుంటాయి. వినేవాళ్ళకి ఇది గొప్పగానే ఉంటుంది. చేసేవాళ్ళకి నడుము పట్టేస్తుంది.

నా పేరు హుసేనమ్మ. పీర్లకి మొక్కుకుంటే పుట్టానని ఆ పేరు పెట్టారు. యూనివర్సిటీ కీటకశాస్త్ర విభాగంలో ల్యాబ్ అసిస్టెంటుని, ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాను.

పొద్దున్నే అయిదున్నరకి ఫోన్లు మొదలవుతాయి. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళ రైతులకీ నా నంబరు నోటికి వచ్చు.

"మేడమ్, ఈ పొద్దు మా కందికి మందు కొడ్తాండాం. ఈగల్ని ఇటు తోలొద్దు."

"అక్కా, మా దోస పూతకొచ్చిండాది. రొన్ని ఈగల్ని మాకూ పంపక్కా."

అన్నీ కాగితం మీద రాసుకుని, మందు కొట్టే చేల పేర్లు కొట్టేసి, పూసిన చేలకి దిక్కూ దూరమూ కంప్యూటర్లో ఎక్కిస్తాను. అప్పుడు ప్రతి పెట్టెలోనూ, నడిమి మైనపు పలక మీద, వడ్లగింజంత మైనపు ముక్క ఒకటి తోక ఊపడం మొదలుపెడుతుంది. పలక వెనక చిన్న అయస్కాంతం ఉండి దాన్ని నడిపిస్తుంది. ఎక్కడైనా మంచి పూలు చూసొచ్చిన తేనెటీగ గూట్లో అట్లాగే ఆడుతుంది. ఏ వాలుగా నడిచిందో దాన్నిబట్టి పొద్దుకి ఎటు పోవాలో తెలుస్తుంది. ఎంతసేపు ఊపిందో దాన్నిబట్టి ఎంత దూరమో తెలుస్తుంది. మిగతావి దాని వెనకే తిరిగి, సంగతి తెలుసుకుని, ఎగిరిపోతాయి. మా వామనరావు సార్ చేసిందల్లా ఆ ఆటని మైనపు ముక్క చేత ఆడించడం. దానికి సార్ పెట్టిన పేరు మూడు లైన్లుంటుంది. నేను పెద్దక్క అన్నాను, ఆ పేరే నిలబడింది.

పెద్దక్క రాకముందు సంగతి నేను మర్చిపోలేదు. ఈగలు మందు కొట్టిన చేలకే పోయి, తిరిగొచ్చి గుమ్మంలో గిలగిలా కొట్టుకునేవి. రోజూ చీపురుతో ఊడ్చేదాన్ని. పెద్దక్క వచ్చాక అది ఆగిపోయింది. యూనివర్సిటీలో పచ్చగడ్డి తీసేసి పూలమొక్కలు పెట్టారు. మందు కొట్టడం మానేశారు. తర్వాత ఊళ్ళలో దండోరా వేయించారు, ఎక్కడ తేనెపట్టు కనబడినా ఫోన్ చేయండి, కాల్చొద్దు, మేమొచ్చి భద్రంగా తెచ్చుకుంటామని. జనం ఎంత మంచివాళ్ళో! చెట్టు తొర్రలో ఉన్నా, పాడుబావిలో ఉన్నా, బడి గోడలో ఉన్నా ఫోన్ చేసేవాళ్ళు. ఒక్కటి వదలకుండా పట్టుకొచ్చి పెట్టెల్లో పెట్టాం. పెట్టెల్లో ఇమడని పెద్ద జాతి ఈగలు అప్పటికే మందులకి పోయాయి. పన్నెండు ఊళ్ళ పొలిమేరలో మా పెట్టెలు తప్ప ఇంకో ఈగ లేకుండా చేశామని అప్పుడు ఎవరికీ తట్టలేదు. అందులో అరవై మూడు పట్లు నేనే, నా చేతులతోనే తెచ్చాను.

మూడేళ్ళ కిందట ఒక వానాకాలం వాగు పొంగి బస్సు ఆగిపోయింది. నేను చేరేసరికి పదిన్నర. ల్యాబులో ఒక వైపు అద్దం బిగించిన పెట్టె ఒకటుంది, లోపల జరిగేది చూడ్డానికి. అందులో ఈగలన్నీ పెద్దక్క ముందు, బస్టాండులో జనంలాగా ఊరికే నిలబడి ఉన్నాయి. పొద్దెక్కింది, బయట పూలు విరగబూసి ఉన్నాయి. ఏవో నాలుగైదు ఈగలు మాత్రం వాటంతటవే పోయి కాళ్ళకి పుప్పొడితో తిరిగొచ్చాయి. పుప్పొడి దించుకున్నాయి. ఆడలేదు. పక్కనున్న ఈగలకి ఒక్క ముక్క చెప్పలేదు.

ఉన్నపళాన పోయి సార్‌ని పిలుచుకొచ్చాను. సార్ చాలాసేపు చూసి కళ్ళద్దాలు తీశారు.

"చిన్న ఈగలు పెద్ద ఈగల వెనక తిరిగి ఆట నేర్చుకుంటాయి హుసేనమ్మా. ఇన్ని తరాలుగా పెద్దక్కే ఆడుతోంది. ఇంక ఏ ఈగకి ఆడాల్సిన పని పడింది?"

"మరి ఇప్పుడేం చేద్దాం సార్?"

ఆయన ఆలోచించారు. ఆ మొహం చూస్తే నాకే జాలేసింది.

"రేపట్నుంచి నువ్వు ముందు బస్సుకి రా" అన్నారు.

అదీ మా పరిశోధన.

పోయిన వానాకాలం యూనివర్సిటీకి 'పరాగ నేస్త ప్రాంగణం' అనే గుర్తింపు ఇవ్వడానికి ఒక కమిటీ వస్తోందన్నారు. తెల్ల టోపీలు పెట్టుకున్న ఆరుగురు పది రోజులుండి, ఒక్కో పూలమడి దగ్గర నిలబడి ఎన్ని ఈగలు వాలాయో లెక్కపెడతారట. పైనుంచి మాకు ఒక కాగితం వచ్చింది. ఆ పది రోజులూ ఒక్క ఈగ కూడా గోడ దాటకూడదని దాని సారాంశం.

సరిగ్గా ఆ పది రోజులే మా వదిన చేను పూసింది.

మా వదిన పేరు మద్దమ్మ. యూనివర్సిటీ వెనక గోడకి అవతల, రెండు కిలోమీటర్ల దూరంలో ఎర్రగుడి మా పుట్టిల్లు. అన్న పోయాక ఆ మూడెకరాలు వదినే చేసుకుంటోంది. ఆ ఏడు పొద్దుతిరుగుడు వేసింది. రోజూ పొద్దున్నే ఫోను.

"హుసేనీ, ఈగలు వస్తాండాయా మే?"

"వస్తాండాయి వదినా."

"యాడ? నాకొగటీ కనపళ్ళేదే."

"నువ్వు పోయేసరికి తిరిగొచ్చేసింటాయిలే. పొద్దున్నే సూడు."

పది రోజులూ ఇదే అబద్ధం. ఎందుకు చెప్పానంటే, విసుగు. నిజం చెబితే అడుగుతుంది, అడిగితే పైవాళ్ళతో వాదించాలి, వాదించే ఓపిక నాకు లేదు. పైగా ఏవో అడవి ఈగలు వచ్చి పని కానిస్తాయిలే, చిన్నప్పట్నుంచీ చూడ్డంలేదా అనుకున్నాను. ఆ అడవి ఈగల్ని నేనే మూటగట్టి తెచ్చానన్నది ఆ పది రోజుల్లో ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదు. ఇంత వయసొచ్చి, ఇంత బుద్ధిలేని పని చేశాను.

గుర్తింపు వచ్చింది. పెద్ద గేటు దగ్గర బోర్డు పెట్టి, లడ్లు పంచారు. ఒక లడ్డు చేత్తో పట్టుకుని నేను నిలబడి ఉంటే, గేటు బయట వదిన కనబడింది. తువ్వాల్లో చుట్టిన పొద్దుతిరుగుడు పువ్వు ఒకటి చంకన పెట్టుకుని ఉంది.

"పెద్ద సదువుల కాడ ఉండావు కదా, ఇదేం తెగులో సెప్తావని తెచ్చినా" అంది.

పువ్వు పళ్ళెమంత ఉంది. గింజలు వరసగా, నల్లగా, నిండుగా ఉన్నాయి. ఒకటి తీసి గోటితో నొక్కాను. టప్పుమని అణిగిపోయింది. లోపల పప్పు లేదు. ఇంకోటి నొక్కాను. అన్నీ తాలే.

"మూడెకరాలూ ఇంతే మే. తెగులు కాదంటావా?"

"కాదు వదినా. ఈగ వాలక."

వదిన తల ఊపింది. "నువ్వు పంపినావు, అవి రాల్యా. అంతే కదా? వాటికేమన్నా రోగమొచ్చిందేమో సూడు మే. మీ సార్నడిగి మందేయించు, పాపం."

పాపమట! నా చేతిలో లడ్డు అట్లాగే ఉంది. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. లడ్డు ఆమె చేతిలో పెట్టి లోపలికి వచ్చేశాను.

వదిన పొలం దున్ని మళ్ళీ పొద్దుతిరుగుడే వేసింది. ఇదీ పోతే కౌలుకిచ్చి, కూతురింట్లో ఒక మూల పడి ఉంటానంది. మా వదిన ఒకరింట్లో మూలన కూర్చునే మనిషి కాదు, కూర్చుంటే రెండేళ్ళు బతకదు. ఆ చేను పూతకొచ్చే నెలలోనే నా రిటైర్మెంటు. నా తర్వాత ఈగలకి దిక్కులు చెప్పే పని కంప్యూటరుకి ఇస్తున్నారు. ఆకాశంలోంచి తీసిన ఫొటోలు చూసి, ఎక్కువ పూలున్న చోటికి తోలుతుందట. ఫోన్లు ఎత్తే పని లేదు.

సార్ గదికి పోయాను. "సార్, నాకొక పెట్టె ఇవ్వండి. అద్దం పెట్టె. మా వదిన పంచలో పెట్టి, పెద్దక్కని ఆపేస్తాను. వాటంతటవి ఆడతాయో లేదో చూస్తాను."

"చచ్చిపోతాయి హుసేనమ్మా."

"కొన్ని మిగులుతాయేమో సార్."

"మిగలకపోతే?"

"మిగతా రెండు వందల ముప్పై తొమ్మిదీ మీవేగా సార్. కరెంటు ఉన్నన్నాళ్ళు బతుకుతాయి."

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఈ మూడేళ్ళలో ఆయన కూడా బాగా ముసలివారైపోయారు. సొరుగులోంచి చిన్న రిమోట్ తీసి నా ముందు పెట్టారు. "బ్యాటరీ మీద పని చేస్తుంది. మరీ ప్రాణం మీదికొస్తే నొక్కు. పెద్దక్క లేస్తుంది." తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఆ పెట్టె మరమ్మతుకి పోయిందని రాసుకుంటాలే" అన్నారు.

ఏడేళ్ళలో మొదటిసారి పదమూడు రోజులు సెలవు పెట్టాను. పెట్టెని ఆటోలో ఎర్రగుడికి తెచ్చి, వదిన పంచలో అరుగు మీద పెట్టి, మూడు రోజులు తలుపు మూసి, కొత్త చోటు అలవాటయ్యేలా గుమ్మానికి వేపరెమ్మలు అడ్డం కట్టాను. నాలుగో రోజు తెరిచాను.

ఏమీ కాలేదు. ఈగలు పెద్దక్క ముందుకొచ్చి నిలబడ్డాయి. పెద్దక్క కదల్లేదు. మధ్యాహ్నం దాకా అట్లాగే నిలబడ్డాయి.

"ఏమైంది మే వీటికి? పెండ్లిలో కూడు పెట్టకముందు జనాలు కూసున్నట్టు కూసున్నాయి" అంది వదిన.

అద్దం పెట్టెలో తేనె నిల్వ అంతంతే. చక్కెర నీళ్ళు పెట్టొచ్చు. పెడితే అక్కడే తాగి అక్కడే ఉంటాయి, గుమ్మం దాటవు. మొదటి రోజు ఒక్క మూతెడు పెట్టి ఆపేశాను. అయిదో రోజు నుంచి చచ్చిన ఈగలు గుమ్మంలో పడటం మొదలైంది. వదిన వాకిలి ఊడుస్తూ వాటినీ ఊడ్చేది. ఆ చీపురు చప్పుడు వినలేక నేను లోపలికి పోయేదాన్ని.

చేను ఆ వారమే విరగబూసింది. యూనివర్సిటీ పెట్టెల్లోంచి ఒక్క ఈగ రాలేదు. నేను సెలవు పెట్టగానే పని అందుకున్న కంప్యూటరుకి రోడ్డు అవతల ఎవరిదో ఇరవై ఎకరాల పొద్దుతిరుగుడు కనబడింది, అన్నిటినీ అటే తోలింది. వదిన మూడెకరాలు దాని కంటికి ఆనలేదు. ఎప్పటిలా ఫోన్ చేద్దామంటే, ఎత్తాల్సినదాన్ని నేనే ఇక్కడ కూర్చున్నాను.

"లే, గుడ్డలు చింపు" అంది వదిన.

పాత మల్లు పంచె చింపి అరచేతులకి కట్టుకున్నాం. ఒక పువ్వు మొహం మెల్లగా తుడవాలి, అదే చేత్తో పక్క పువ్వు మొహం తుడవాలి. గట్టిగా రుద్దితే రాలిపోతుంది, మరీ మెల్లగా అయితే అంటదు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, మంచు ఆరాక ఎండ ముదరకముందు. ఈగ చేసే పని మనిషి చేయడమంటే ఏమిటో భుజాలకి తెలిసింది. మూడు గంటలకి నాలుగు సాళ్ళు కాలేదు.

రెండో రోజు, సాలు మధ్యలో, ఆమె మొహం నాకు కనబడనప్పుడు చెప్పాను.

"వదినా, పోయిన పంటప్పుడు ఆ పది దినాలు నేను ఈగల్ని పంపలేదు."

ఆమె చెయ్యి ఆగలేదు. ఒక పువ్వు, ఇంకో పువ్వు. సాలు చివరిదాకా పోయి, వెనక్కి తిరిగింది.

"ఎందుకు పంపల్యా?"

"పైనుంచి వద్దన్న్యారు."

"అది సరే. నాకు ఎందుకు సెప్పల్యా?"

నేను పక్క పువ్వు మొహం తుడిచాను.

"సెప్పింటే ఆ పొద్దే గుడ్డ కట్టుకుందును కదమ్మే" అంది. "అరవకుందును, తిట్టకుందును. గుడ్డ కట్టుకుందును. అంతే కదా."

ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఏమీ దాచుకోలేదు. ఆమె ఓదార్చలేదు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. సంగటి పెట్టింది, పప్పు వేసింది, తాగడానికి నీళ్ళు ఇచ్చింది, మాట మాత్రం లేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

సెలవు ఇంక రెండు రోజులుందనగా, పొద్దున ఏడింటప్పుడు అద్దం ముందు కూర్చున్నాను. పెట్టెలో సగం కూడా మిగల్లేదు. మిగిలినవి ఎంత మెల్లగా కదులుతున్నాయంటే, ఊపిరి పీల్చుకునే ఓపిక కూడా లేనట్టున్నాయి. రిమోట్ ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంక చాలు, నొక్కేద్దాం, ఉన్నవైనా బతుకుతాయి అనుకున్నాను.

అప్పుడే ఒక ఈగ బయటినుంచి వచ్చింది. కాళ్ళకి తెల్లటి పుప్పొడి. రెండడుగులు వేసి ఆగింది. తోక ఊపింది. మళ్ళీ ఆగింది. పక్కకి పడబోయి నిలదొక్కుకుంది. మళ్ళీ మొదటికి వచ్చి, ఈసారి వాలుగా, వంకరగా, తోక ఊపుతూ నడిచింది. నేను ఏడేళ్ళు పెద్దక్క చేత ఎంత తిన్నగా ఆడించాను! ఇది తాగినదానిలా ఆడుతోంది. అయినా ఆట అదే.

"వదినా! ఓ వదినా! బిన్నా రా!"

ఆమె గుడ్డలు కట్టుకుంటూనే వచ్చింది. రెండు రోజుల తర్వాత మొదటి మాట.

"ఏమంటాంది అది?"

వాలు చూశాను. పొద్దు ఎక్కడుందో చూశాను. "తూర్పుకి పొమ్మంటాంది. దగ్గరే. మూడొందల గజాలు."

"మన సేను పడమట కదా."

"ఊ."

"తూర్పున కాలువ గట్టు తప్ప ఏముండాది?"

ఇద్దరం పోయి చూశాం. కాలువ గట్టు మీద మోకాలెత్తు తుమ్మి మొక్కలు, చిన్న చిన్న తెల్లపూలు. నా లెక్కలో ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తుమ్మి లేదు. ఎవరు ఫోన్ చేసి చెబుతారు, గట్టు మీద తుమ్మి పూసిందని? తిరిగొచ్చేసరికి ఆ ఈగ వెనక ఇంకో మూడు తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి గుమ్మంలోకి వచ్చి, మొహం తుడుచుకుని, తూర్పుకి ఎగిరిపోయింది.

వదిన చూపు నా చేతిలోని రిమోట్ మీద పడింది.

"అది నొక్కితే?"

"పెద్దక్క లేస్తుంది. సేనికి పొమ్మని సెప్తుంది."

"పోతాయా?"

"పోతాయి. ఆ తుమ్మి పూలకు పోయేవి గూడా వాళ్ళక్క మాటే వింటాయి. ఈ ఆట మళ్ళా మానుకుంటాయి."

"మన సేన్లో గింజలకి పప్పు పడుతుందా?"

"అన్నిటికీ కాదు గానీ, సగం పైన పడుతుంది."

వదిన మెట్టు మీద కూర్చుంది. నేను రిమోట్ ఆమె ఒళ్ళో పెట్టాను. ఒక పంట నా అబద్ధానికి పోయింది, ఈ పంట సంగతి ఆమే తేల్చుకోవాలి. కుడిచేతికి గుడ్డ కట్టి ఉంది, ఎడమచేత్తో దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. అద్దంలో ఆ ఈగ ఇంకా ఆడుతూనే ఉంది, వంకరగా.

"రేపు నువ్వు దిగిపోతావు" అంది. "ఎల్లుండి నువ్వూ సస్తావు, నేనూ సస్తా. అప్పుడు ఎవురు నొక్కుతారు మే దీన్ని?"

కుడిచేతి గుడ్డ వైపు చూసుకుంది.

"నాకు గుడ్డ ఉండాది. వాటికేముండాది?"

రిమోట్ నా ఒళ్ళోకి విసిరేసి లేచింది. ఎడమచెయ్యి నా ముందుకు చాపింది, గుడ్డ కట్టమని. కట్టాను. ముడి గట్టిగా పడిందో లేదో పళ్ళతో లాగి చూసుకుంది.

"పద, ఎండెక్కుతాంది. ఇంకా ముప్పై సాళ్ళుండాయి" అంటూ పడమటికి నడిచింది.

రిమోట్ వెనక మూత తీసి బ్యాటరీలు రెండూ అరుగు మీద పెట్టాను. ఇంకో గుడ్డ చింపుకుని ఆమె వెనకే పోయాను.